మిగిలిన సూదులు

పసుపు ఉడికే రోజుల్లో ఆర్మూర్‌లో ఎవరికీ జ్వరంతో పడుకునే తీరిక ఉండదు. తవ్వకం పూర్తయి, కడాయిలు పొయ్యిలెక్కి, గాలికి కూడా పచ్చి పసుపు వాసన పట్టుకున్నాక మా ఆస్పత్రి మెట్లెక్కిన ప్రతి మనిషీ ఒకే మాట అనేవాడు: "రేపటికల్ల లేవాలె." రైతుకు ఉడకబెట్టే పని ఆగదు. కమీషన్ ఏజెంటుకు లారీ ఆగదు. బీడీలు చుట్టే ఆడవాళ్ళకైతే సీజనంటూ లేదు, ఏడాది పొడవునా రేపటికల్లా లేవాల్సిందే.

ఈ ఊళ్ళో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో హెడ్ సిస్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆస్పత్రి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. చెప్పినా మీకు వేరే ఆస్పత్రిలో అవే ముఖాలు కనబడతాయి. నర్సింగ్ చదివే రోజుల నుంచి నాకు డైరీ రాసే అలవాటుంది. ఎవరు చేరారు, ఎవరు ఇంటికి వెళ్ళారు, నేను ఏం వండుకున్నాను, వాన పడిందా లేదా, అన్నీ అందులో ఉంటాయి. అయితే ఈ సంగతి రాయడానికి డైరీ తీయాల్సిన పని పడలేదు.

కొత్తగా వార్డు డ్యూటీల్లో చేరిన నర్సు పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?" అని అడుగుతారు. వాళ్ళు ఆశపడేది ఒక ప్రాణం నిలబడిన కథ. అలాంటివి నా దగ్గర కొన్ని ఉన్నాయి. కానీ పిల్లలూ, మీకు అవసరమైనది ఇది అనుకుని దీన్ని రాస్తున్నాను. ఇందులో ప్రాణం నిలబడదు. ఆ ఆశతో చదవకండి.

ముందు మా డాక్టరు గారి గురించి చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. ఆస్పత్రి తెరిచిన కొత్తలో జ్వరమని వచ్చినవాడికి మామూలు జ్వరం బిళ్ళ రాసి, నీళ్ళు బాగా తాగమని, మూడు నాలుగు రోజులు ఓపిక పట్టమని చెప్పేవాడు. రాసిన చీటీ కంటే చెప్పే మాట పొడవుగా ఉండేది. ఒక సీజన్‌లో పసుపు కమీషన్ ఏజెంటు ఒకాయన ఒళ్ళు కాలిపోతూ వచ్చాడు. వైరల్ జ్వరం, దానంతట అదే పోతుందని సారు చెప్పాడు.

"నాలుగు దినాలు పండుకుంటె నా పసుపు నిజామాబాద్ యార్డుకు ఎవలు తీస్కపోవాలె సారూ? నువ్వు తీస్కపోతవా?" అన్నాడాయన. "నీకు సూది ఏసుడు రాదా, లేకుంటె నీ తాన సూది లేదా?"

సారు నవ్వి, అదే చీటీ చేతికిచ్చాడు. ఏజెంటు మర్నాడు రోడ్డుకు అవతలి ఆస్పత్రికి పోయాడు. అక్కడ వాళ్ళు వెంటనే ఒక పెద్ద ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ జ్వరం ఎటూ తగ్గే వేళకే తగ్గింది. పేరు మాత్రం సూదికి వచ్చింది. ఆయన లారీ వెంట పోతూ మా గేటు దగ్గర స్కూటరు ఆపి, వాచ్‌మన్‌తో అందరూ వినేట్టు అన్నాడు: "మీ సారుకు చెప్పు. గా దవాఖానల ఒక్క సూదికి లేపి నిలవెట్టిండ్రు."

ఆ నెలలో మా బెంచీలు ఖాళీగా ఉన్నాయి. సారు చాలా రోజులు కిటికీ లోంచి అవతలి ఆస్పత్రి వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చీటీల మీద మొదటి వరుసలో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కనబడడం మొదలైంది. జనం దాన్ని పెద్ద సూది అనేవారు. జలుబుకు పెద్ద సూది, విరేచనాలకు పెద్ద సూది, కడాయి దగ్గర చేయి కాలితే పెద్ద సూది. కొన్నేళ్ళకు అది పనిచేయని కేసులు వచ్చాయి. అప్పుడు దాని స్థానంలోకి మెరోపెనెం వచ్చింది. ఒకప్పుడు చావుబతుకుల్లో ఉన్నవాడికి, అదీ నలుగురు డాక్టర్లు కూర్చుని మాట్లాడుకున్నాక వాడే మందు అది. మా దగ్గర దానికి కూడా జనం పేరు పెట్టుకున్నారు: ఇంకా పెద్ద సూది.

ఇంతవరకు ఏ ఊళ్ళోనైనా జరిగేదే. మా ఊరి పద్ధతి ఇంకొకటి ఉంది. అది చెప్పాలంటే మా ఆయమ్మను మీకు పరిచయం చేయాలి.

ఆయమ్మది మా పక్కనే ఉన్న పెర్కిట్. వయసులో నాకంటే కొంచెం చిన్నది. పెళ్ళయిన నాటి నుంచి బీడీలు చుట్టి, నడుము పడిపోయి, భర్త పోయాక మా దగ్గర వార్డు పనికి చేరింది. ఒక్క కొడుకు, మస్కట్‌లో ఉంటాడు. మనిషి సన్నం, గొంతు పెద్దది. ఊడ్చే చీపురు ఎత్తి పట్టుకుని డాక్టరుతో కూడా మాట్లాడేది. "జర కాళ్ళు లేపు సారూ, నీ బూట్లకిందనే ఉన్నది నా జీతం" అనేది. సారు కాళ్ళు లేపేవాడు. కొత్త నర్సు పిల్లలు ఏడిస్తే కళ్ళు తుడిచేదీ, తప్పు చేస్తే నాకంటే ముందు తిట్టేదీ ఆమే. మూత్రం సంచులు ఖాళీ చేయడం, బెడ్‌పాన్లు కడగడం, వాంతులు ఎత్తడం ఆమె పని. గ్లౌజులు ఆపరేషన్ థియేటరుకే సరిపోయేవి. ఆమె చేతులకు సబ్బే దిక్కు.

మా దగ్గర చేరిన వాళ్ళు ఇంజెక్షన్లు ముందే కొనేవారు, అయిదు రోజులవి ఒకేసారి. రెండో రోజుకు జ్వరం తగ్గేది. తగ్గగానే మనిషి మంచం మీద ఉండడు. పని గుర్తొస్తుంది, ఇల్లు గుర్తొస్తుంది. మిగిలిన సీసాలు కవర్లో వేసుకుని వెళ్ళిపోతాడు. కొన్నది పారేయడం ఈ ఊళ్ళో పెద్ద పాపం. ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడ్డా ఊళ్ళో సూదులు వేసే ఆర్ఎంపీని పిలిచి ఆ సీసా చేతిలో పెడతారు. ఆయన వేసి వెళ్తాడు. కొందరైతే కవరు మోయడం కూడా బరువనుకుని ఆయమ్మ చేతిలో పెట్టి పోయేవారు. "ఎవలికన్న పనికొస్తయి తియ్యి." ఆయమ్మ వాటిని పెర్కిట్‌కు తీసుకుపోయేది.

ఒక ఆదివారం నేను ఆ వైపు పనిమీద వెళ్ళి ఆమె ఇంట్లో చాయ్ తాగాను. ఆమె చెల్లెలి ఇల్లూ ఆమె ఇల్లూ ఒకే గోడ. ఆ ఇళ్ళ ముందు రేకుల కింద ఆడవాళ్ళు వరుసగా చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. చేతులు ఆగవు, మాటలూ ఆగవు. లేచి బయటికి పోవాల్సి వస్తుందని వాళ్ళు పొద్దంతా నీళ్ళు తక్కువ తాగుతారు. అందువల్ల మూత్రంలో మంట ఆ వరుసలో అందరికీ పాత చుట్టమే. గోడ గూట్లో ఒక పెద్ద ఐస్‌క్రీం డబ్బా ఉంది. అందులో సూదిమందు సీసాలు, కొన్ని సిరంజులు.

చెల్లెలు డబ్బా తీసి నా ముందు పెట్టింది. "మంచిగ దొరికినవు సిస్టరమ్మా. జర చెప్పు, గీ నీలం మూతది జోరుగుంటదా, తెల్ల మూతదా?"

"మూత రంగుతోని మందు తెలుస్తదా? ఏ రోగానికి ఏదో డాక్టర్ చెప్పాలె," అన్నాను.

"రోగం మాకు తెల్సు గదా. మంట."

అందరూ నవ్వారు. నేను కోపం తెచ్చుకుని, మందు మొదలుపెడితే కోర్సు పూర్తి చేయాలని, సగంలో ఆపితే చచ్చేవి బలహీనమైన పురుగులేనని, మొండివి మిగిలి పెరుగుతాయని, ఆ మొండితనం పక్క పురుగులకు కూడా అంటుతుందని చెప్పాను. వాళ్ళు శ్రద్ధగానే విన్నారు. చేతులు మాత్రం ఆగలేదు.

"కోర్సు జేసి నువ్వు సిస్టర్‌వైనవు, మాకెందుకు సిస్టరమ్మా కోర్సులు?" అంది ఆయమ్మ. "మంట తగ్గినంక గూడ సూది పొడ్సుకుంటమా? గామెకు మూడు మిగిలితె గీమెకు పనికొస్తయి. గీమెకు ఒకటి మిగిలితె నాకు పనికొస్తది. ఒకలకొకలం జూస్కోకుంటె మమ్ముల ఎవలు జూస్తరు?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆ మాటలో తప్పు లేదు. వాళ్ళు అన్నీ అలాగే పంచుకుంటారు, ఆకు పంచుకుంటారు, తంబాకు పంచుకుంటారు, పని ఎక్కువైన రోజు ఒకరి బీడీలు ఇంకొకరు చుట్టి పెడతారు. మందును కూడా అదే ప్రేమతో పంచుకున్నారు. ఇంకో సంగతి, ఆ డబ్బాలో ఉన్న సీసాల్లో సగం అసలు అవసరమే లేని మనుషులకు మా చీటీల మీద రాసినవి. ఆ మాట నేను అక్కడ చెప్పలేదు. వాళ్ళకు అర్థం కాదని కాదు, బాగా అర్థమవుతుందని.

ఆ తర్వాత ఏడాది వానలు వెనక్కి తగ్గిన రోజుల్లో ఆయమ్మ ఒక ఉదయం డ్యూటీకి వచ్చి, తుడుపు కర్ర పట్టుకుని నిలబడి వణుకుతోంది. కర్ర నేలకు తగిలి టకటక చప్పుడవుతోంది. ముట్టుకుంటే చేయి కాలింది.

"ఎన్ని దినాల సంది?" అన్నాను.

"మొన్నటి సంది. ఏం గాదు, సూదులు ఏయించుకున్న."

"ఏ సూదులు?"

"నీలం మూతయి రెండు, తెల్లది ఒకటి. ఏదన్న ఒకటి పనిజెయ్యదా అని."

మా వార్డులోనే కిటికీ పక్క మంచం ఇచ్చాం. ముందురోజు ఆమె పరచిన దుప్పటే అది. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి రక్తంలోకి చేరుతోందని సారు చూడగానే అన్నాడు. రక్తం, మూత్రం కల్చర్ పరీక్షకు నిజామాబాద్ పంపించాడు. ఏ పురుగు ఉంది, అది ఏ మందుకు చస్తుంది అని చెప్పే పరీక్ష అది. జవాబు రావడానికి రోజులు పడుతుంది. ఆ లోపల మెరోపెనెం మొదలుపెట్టాడు. ఈసారి దాని అవసరం నిజంగానే ఉంది. మందు కంటే ఎక్కువగా ఆయన చేయి ఆమె నుదుటి మీద ఉండేది. రోజుకు ఎన్నిసార్లు వచ్చి చూసేవాడో చెప్పలేను.

జ్వరం దిగలేదు. మంచం మీద పడుకుని కూడా ఆమె పనిచేయించేది. తన బదులు వచ్చిన కొత్త ఆయాను పిలిచి, "మంచం కింద ఎవలు తుడుస్తరు బిడ్డా, మీ అత్తనా?" అనేది. అలా అంటూనే వణుకు వచ్చి పళ్ళు కరుచుకునేది.

రిపోర్టు వచ్చిన రోజు నాకు మామూలు రోజు లాగే మొదలైంది. ఓపీ నిండా జనం. సారు లోపలికి పిలిచాడు. కాగితం బల్ల మీద ఉంది. ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"చూడండి సిస్టర్."

చూశాను. క్లెబ్సియెల్లా అనే పురుగు. కింద మందుల పేర్ల వరుస, ఒక్కొక్క దాని పక్కన ఆర్ అనే అక్షరం. అంటే ఆ మందుకు ఇది లొంగదు అని. పెద్ద సూది పక్కన ఆర్. ఇంకా పెద్ద సూది పక్కన ఆర్. ఇరవై ఏళ్ళుగా నేను సిరంజిలోకి ఎక్కించిన మందులన్నీ ఆ వరుసలో ఉన్నాయి. చిట్టచివర కొలిస్టిన్ ఒక్కటే మిగిలింది. పాత మందు, కిడ్నీలను దెబ్బతీస్తుందని ఎప్పుడో పక్కన పెట్టింది. ఏదీ లేనప్పుడు ఇప్పుడు మళ్ళీ తీస్తున్నారు.

"ఆమె కిడ్నీలు ఇప్పటికే…" అన్నాను.

"తెల్సు సిస్టర్. ఇది తప్ప నాకేం మిగల్లేదు."

తర్వాత ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా అన్నాడు: "జలుబుకు ఇచ్చిన. జలుబుకు గూడ ఇచ్చిన." బయట నుంచి ఎవరో తలుపు తోసి, ఇంకెంతసేపని అడిగారు. సారు కళ్ళద్దాలు పెట్టుకుని, లోపలికి రమ్మన్నాడు. మరి ఏం చేస్తాడు?

వార్డులోకి వెళ్ళగానే ఆయమ్మ అడిగింది: "కాయితంల ఏమొచ్చింది సిస్టరమ్మా?"

"నీకు పనికొచ్చే మందు దొరికింది. హైదరాబాద్ నుంచి తెప్పిస్తున్నం."

ఆమె నా ముఖం చూసింది. "అంటె గిన్ని దినాలు ఏసినయి పనికిరానియే అన్నట్టు."

నేను సెలైన్ సీసా సరిచేశాను.

మందు ఆర్టీసీ బస్సు పార్శిల్లో వచ్చింది. ఖర్చు సారే పెట్టుకున్నాడు. మొదట్లో జ్వరం కొంత దిగింది. ఆమె లేచి కూర్చుని జావ తాగింది. చెల్లెలి చేత తల దువ్వించుకుంది. నర్సు పిల్లలు వార్డులో గట్టిగా నవ్వుకున్నారు. ఆ పూట నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆమె మూత్రం సంచి వైపు చూశాను. సంచిలో ఉండాల్సినంత లేదు. మర్నాడు ఇంకా తగ్గింది. కాళ్ళు ఉబ్బాయి. మందు పురుగును పట్టుకుంది, అదే చేత్తో కిడ్నీలనూ పట్టుకుంది. మందు ఆపితే పురుగు, ఆపకపోతే కిడ్నీలు. సారు మోతాదు తగ్గించి చూశాడు. జ్వరం మళ్ళీ ఎక్కింది.

హైదరాబాద్‌కు పంపుదామని సారు అన్నాడు. ఆయమ్మ ఒప్పుకోలేదు. "గాడ ఏం సూది ఏస్తరు సారూ?" అని అడిగింది. ఆయన, అదే మందు, దాంతోపాటు డయాలసిస్ ఉంటుందన్నాడు. "అదే మందు అయితె గింత దూరం ఎందుకు? ఈడ నా వార్డు ఉన్నది" అంది. చెల్లెలు ఏడ్చి ఒప్పించింది. సారు పెద్ద ఆస్పత్రులకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. మంచం దొరికిందన్న కబురు వచ్చేసరికి ఆమె బీపీ పడిపోయి, అంబులెన్స్ ఎక్కించే పరిస్థితి దాటిపోయింది.

ఆ మధ్యలోనే మస్కట్ నుంచి కొడుకు వీడియో కాల్ చేశాడు. సెలవు దొరకలేదు, దొరికాక టికెట్ దొరకలేదు. ఫోను సారు ముందు పట్టుకుని నిలబడ్డాను.

"సారూ, మంచి సూది ఏయుండ్రి. పెద్దది ఏయుండ్రి. ఎంతదైనా సరే, ఫికర్ జెయ్యకుండ్రి. చిన్నది ఏసి ఊకోకుండ్రి సారూ, మీ కాల్మొక్త."

ఆయమ్మ చేయి చాపి ఫోను తీసుకుంది. ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపింది.

"పెద్దదే ఏస్తుండ్రు బిడ్డా," అంది. "గింతకంటె పెద్దది దునియల లేదట. నువ్వు తిన్నవా?"

ఆ మధ్యాహ్నం వార్డులో కొంచెం నిశ్శబ్దంగా ఉన్నప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది. "గా డబ్బలయి ఏస్కునుడుతోనే అయిందా సిస్టరమ్మా? నిజం చెప్పు."

ఇదే ప్రశ్న నన్ను ఎవరైనా అడగాలని, అడగకూడదని, రెండూ అనుకుంటూ ఉన్నాను. ఆ డబ్బా వల్ల కావచ్చు. మా వార్డులో ఆమె గ్లౌజులు లేకుండా ఖాళీ చేసిన సంచుల వల్ల కావచ్చు. చేతులు కడుక్కునే మా సింకు వల్ల కావచ్చు. మా చీటీల వల్ల ఊళ్ళో ఇంటింటా పెరిగిన పురుగు ఏదో ఆమెను ఎక్కడైనా పట్టుకుని ఉండవచ్చు. నాకు నిజంగా తెలియదు. ఇప్పటికీ తెలియదు.

"తెల్వదు," అన్నాను. "మా దగ్గర్నుంచే వచ్చిందేమో గూడ."

"పోనీ తియ్యి," అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. మంచం పక్క అలమారా వైపు చూపించింది. అందులో కొలిస్టిన్ సీసాలు ఇంకా ఉన్నాయి. "నాకు అన్నీ పట్టయి. మిగిలినయి పారేయకుండ్రి సిస్టరమ్మా. మస్తు పిరమైనయి, సారు పైసలు వెట్టి తెచ్చినయి. ఎవలికన్న పనికొస్తయి. మా చెల్లెకు చెప్పిన, నీ తాన తీస్కొమ్మని."

నేను తలూపాను. చనిపోయే మనిషికి ఎదురు చెప్పే శిక్షణ నాకు ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు వార్డులో భోజనాల వేళ ఆమె పోయింది. పళ్ళాల చప్పుడు మధ్య. కొత్త ఆయా మంచం కింద తుడుస్తోంది.

సారు ఆ సాయంత్రం ఓపీ పెట్టలేదు. మర్నాటి నుంచి ఆయన పాత మనిషి అయ్యాడు. మామూలు బిళ్ళలు రాసి, నీళ్ళు తాగమని, మూడు రోజులు ఆగమని పొడుగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. మిగిలిన సీసాలు ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదని, మందుల షాపులో తిరిగి ఇచ్చేయాలని గోడకు కాగితం అంటించాడు. నాకు పదవీ విరమణ దగ్గరపడుతోంది. ఆ కాగితం కింద నిలబడి, ఒక మనిషి ప్రాణం పోయి ఇది వచ్చింది, కనీసం ఇది నిలబడాలి అనుకున్నాను. ఆ రోజుల్లో నాకున్న ఆశ అదొక్కటే.

ఆయమ్మ దినాలు అయిపోయాక ఒక ఉదయం చెల్లెలు వచ్చింది. చేతులకు తంబాకు రంగు, ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్క చెప్పింది సిస్టరమ్మా. సూదులు నీ తాన ఉన్నయట గదా. మా మనుమరాలికి జరమొచ్చింది. రెండు దినాల సంది ముక్కు కారుతున్నది, దగ్గుతున్నది. ఆర్ఎంపీని రమ్మన్న."

కొలిస్టిన్ సీసాలు నా అలమారాలోనే ఉన్నాయి. వాటిని ఏం చేయాలో తోచక తాళం వేసి పెట్టాను. నాలుగేళ్ళ పిల్లకు ఊళ్ళో ఆర్ఎంపీ ఆ సూది పొడవడం కళ్ళ ముందు కనబడింది.

"ఇది జరానికి ఏసే మందు గాదు," అన్నాను. "మీ అక్క కిడ్నీలు ఎట్లయినయో చూసినవు గదా. గీ మందుతోనే అయినయి."

"అక్కకు రోగం ముదిరింది గాబట్టి అయినయి. పోరికి కొంచెమే ఏస్తం."

ఇంక చెప్పి లాభం లేదనిపించింది. సీసాలన్నీ తెచ్చి, ఒక్కొక్క మూత తీసి, నీళ్ళు పోసి, ఆమె చూస్తుండగానే బ్లీచింగ్ బకెట్లో ఒంపాను. అది కూడా సరైన పద్ధతి కాదు. ఆ నీళ్ళు చివరికి ఊరి మురుగు మోరీలోకే పోతాయి. మోరీలో పురుగులకు కూడా ఆ మందు రుచి చూపించి ఉంటాం. కానీ ఆ క్షణంలో నాకు అంతకంటే మంచి దారి కనబడలేదు. ఆయమ్మ నన్ను అడిగిన ఆఖరి కోరిక అది. సీసా సీసాకూ ఆమె ముఖం కనబడింది.

చెల్లెలు ఆపలేదు, ఏడవలేదు. అన్నీ అయ్యాక అడిగింది: "మీరు ఏస్తె దవాయి, మేము ఏస్కుంటె యిషమా?"

"పోరిని ఈడికి తీస్కరా. సారుతోని చూపిస్త. ఒక్క రూపాయి ఇయ్యొద్దు."

మధ్యాహ్నం తీసుకొచ్చింది. పిల్ల బక్కగా ఉంది, ముక్కు కారుతోంది, కానీ నా మెడలో స్టెత్ లాగి ఆడుకుంది. ఊపిరి బాగుంది, గొంతు కొంచెం ఎర్రగా ఉంది. మామూలు జలుబు జ్వరం. నాకు ధైర్యం వచ్చింది. సారు ఇప్పుడు పాత మనిషి కదా. లోపలికి పంపించాను.

చీటీ బయటికి వచ్చింది. మొదటి వరుసలో సెఫ్ట్రియాక్సోన్.

చీటీ పట్టుకుని లోపలికి వెళ్ళాను. "సార్, ఇది జలుబే గదా."

ఆయన తల ఎత్తలేదు. "జలుబే అనుకుంటున్న. అయితే?"

"మరి ఇదెందుకు సార్?"

"సిస్టర్, ఆ ఇంట్ల మొన్ననే మనిషి పోయింది. నా చేతులల్ల పోయింది." చీటీల కట్ట పక్కకు జరిపాడు. "ఇది జలుబు కాకపోతే? బిళ్ళ రాసి ఇంటికి పంపుత, రేపు ఈ పిల్లకు ఏమన్న అయితే? మీరు చెప్తరా వాళ్ళకు?"

నేను చెప్పగలనా? మీరు చెప్పగలరా? మీకు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, అందుకే అడుగుతున్నాను. పుస్తకంలో దీనికి జవాబు ఉంది. ఆ గదిలో మాత్రం భయపడిన ఒక మంచి డాక్టరు, చీటీ పట్టుకున్న ఒక నర్సు ఉన్నారు. దురాశతో అయితే పోట్లాడి ఉండేదాన్ని. ప్రేమతో పోట్లాడి పెర్కిట్‌లో ఒకసారి ఓడిపోయాను. భయంతో ఎలా పోట్లాడాలో నాకు తెలియలేదు.

సీసా తీసుకుని, మూత తీసి, సిరంజి నింపాను. ఇంజెక్షన్ గదిలో బల్ల మీద చెల్లెలు పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది. ఆమె కళ్ళు ముందు నా చేతిలోని సీసా మీద పడ్డాయి, తర్వాత నా ముఖం మీద. పొద్దున అడిగిన ప్రశ్న మళ్ళీ అడుగుతుందని ఎదురుచూశాను.

ఆమె పిల్ల చేయి చాపి, కదలకుండా గట్టిగా పట్టుకుంది.